ఒక కిటికీలో పాలసీదారు, పక్క కిటికీలో ప్రతివాది

సాయంత్రం ఏడు గంటలు. కనకదుర్గ వారధి మీద వాహనాలు విజయవాడ నుంచి గుంటూరు వైపు బారులు తీరి ఉంటాయి. ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగుతుంది. దాని వెనక కారు బ్రేకు వేసి నిలబడుతుంది. ఆ వెనక వస్తున్న కారుకు నిలబడే చోటు చాలదు. గుద్దిన కారు బంపరు ఒక పక్క ఊడి నేలకు వేలాడుతుంది. హారన్లు మోగుతుంటాయి. దారిన పోయేవారిలో నలుగురు దిగి పెద్దరికం తీసుకుంటారు. ఐదు నిమిషాల్లో తీర్పు వస్తుంది: "కేసులూ కోర్టులూ ఎందుకండీ, మూడు వేలు ఇచ్చి ఎవరిదారిన వారు వెళ్లండి." డబ్బు చేతులు మారుతుంది, వంతెన ఖాళీ అవుతుంది.

తాడేపల్లి దాటేసరికి గుద్దిన కారు వేడెక్కి ఆగిపోతుంది. బంపరు వెనక రేడియేటరుకు చిల్లు పడిన సంగతి అక్కడ ఎవరూ చూడలేదు. ముందు కారు వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడకు ఆ రాత్రి మెడ తిప్పలేనంత నొప్పి మొదలవుతుంది. రెండు కార్లకూ బీమా ఉంది. కానీ జరిగినదానికి ఒక్క ఫొటో లేదు, అవతలి బండి నంబరు ఎవరూ రాసుకోలేదు. పైగా చాలామందికి తెలియని ఒక షరతు ప్రతి మోటారు పాలసీలోనూ అచ్చై ఉంటుంది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు తప్పు ఒప్పుకోకూడదు, ఎవరికీ డబ్బు ఇస్తానని మాట ఇవ్వకూడదు, ఇవ్వకూడదు. మూడు వేలు ఇచ్చిన మనిషి మంచితనంతోనే ఇచ్చాడు. రేపు ఆ పెద్దావిడ తరఫున కేసు వస్తే మాత్రం ఆ మంచితనం తప్పు ఒప్పుకోలుగా కాగితం ఎక్కుతుంది.

రోడ్డు మీది రాజీ మన ప్రాంతంలో బలంగా పాతుకుపోయిన అలవాటు. గీతలూ సొట్టలూ పడినంతవరకు దానితో వచ్చిన నష్టమేమీ లేదు. మనిషికి దెబ్బ తగిలినప్పుడు, కారు లోపలి భాగాలు దెబ్బతిన్నప్పుడు మాత్రం అది ఇద్దరి హక్కులనూ తుడిచిపెట్టేస్తుంది. ఎవరికైనా గాయమైతే ఆసుపత్రికి చేర్చడం, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం, బీమా కంపెనీకి తెలియజేయడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవరు మీద పెట్టిన బాధ్యతలు. రాజీ కుదిరిందన్న కారణంతో అవి రద్దు కావు.

ప్రమాదం తరవాత బీమా కంపెనీతో వ్యవహరించడంలో జనం పడే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఒకే పొరపాటు నుంచి పుడుతున్నాయి. బీమా కంపెనీ అంటే ఒకే మనిషి, ఒకే ముఖం అనుకోవడమే ఆ పొరపాటు. నిజానికి దానికి రెండు కిటికీలు ఉంటాయి. సొంత కారు బాగుచేయించుకోవడానికి వెళ్లినవాడు మొదటి కిటికీ దగ్గర ఉంటాడు. అక్కడ అతను పాలసీదారు, ప్రీమియం కట్టిన ఖాతాదారు. అతనికి ఒప్పందం ఉంది, గడువులు ఉన్నాయి, నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అండ ఉంది. ఎవరి కారో గుద్దడంతో కాలు విరిగినవాడు రెండో కిటికీ దగ్గర ఉంటాడు. అతనికి ఆ కంపెనీతో ఒప్పందమేదీ లేదు. అతని కేసులో కంపెనీ ప్రతివాది. ఎంత తక్కువ ఇస్తే దానికి అంత లాభం. మొదటి కిటికీ దగ్గర బతిమాలుకోవడం అనవసరం, రెండో కిటికీ దగ్గర నమ్మి కూర్చోవడం ప్రమాదం. జనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

మూడు గీతల జాగా

సొంత కారు సంగతి ముందు చూద్దాం. క్లెయిము ఫారంలో "ప్రమాదం జరిగిన తీరు" అనే గడి ఒకటి ఉంటుంది. మూడు నాలుగు గీతల జాగా, అంతే. క్లెయిము బతకడమూ చావడమూ ఎక్కువగా ఆ జాగాలోనే తేలుతుంది. అయినా ఆటోనగర్ షెడ్డులోనైనా ఎనికెపాడు వైపు షోరూములోనైనా సాధారణంగా జరిగేది ఒకటే. కౌంటరు మీద ఫారం పెడతారు, సంతకం ఎక్కడ చేయాలో పెన్సిలుతో గుర్తు పెడతారు, "మిగతాది మేం నింపుకుంటాం సార్" అంటారు. యజమాని ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఆఫీసుకు వెళ్లిపోతాడు. వెనకనుంచి అలవాటైన వాక్యం ఒకటి అందులో పడుతుంది: కుక్క అడ్డం వచ్చింది, తప్పించబోయి డివైడరును గుద్దింది.

షెడ్డువారికి అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. అవతలి వాహనం ప్రస్తావన లేకపోతే పని త్వరగా అవుతుందని వారి అనుభవం. కానీ వారధి మీద జరిగినదానికి పోలీసు స్టేషన్లో తరవాత కేసు నమోదైతే, ఆసుపత్రి రికార్డులో "కారు వెనకనుంచి ఢీకొనగా" అని రాసి ఉంటే, కుక్క కథ అబద్ధమవుతుంది. ఆ అబద్ధం కింద యజమాని సంతకం ఉంటుంది. తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో నిజమైన నష్టానికి కూడా పైసా రాకుండా పోయే దారి అదే. బీమా కంపెనీ ప్రమాదాన్ని కళ్లతో చూడదు, దానికి కనిపించేది కాగితమే. అందుకే ఆ మూడు గీతలు యజమాని సొంత చేతిరాతతో, ఉన్నది ఉన్నట్టు నిండాలి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎటు వెళ్తూ, ఎవరు నడుపుతూ, ఏది దేనికి తగిలి. నింపిన ఫారానికి ఫొటో తీసుకోవడానికి అర నిమిషం చాలు.

ఎవరు నడుపుతూ అన్నదాన్ని గట్టిగా పట్టించుకోవాలి. నడిపింది తమ్ముడైతే, అతని లైసెన్సు గడువు తీరిందని తెలిసి అన్న పేరు రాయించడం తరచూ జరుగుతుంది. గాయాలున్న కేసులో ఇది నిలవదు. ఆసుపత్రిలో చేరినవారి పేరు, పంచనామా, టోల్‌గేటు కెమెరా, ఫోను రికార్డు ఏదో ఒకటి అసలు సంగతి బయటపెడుతుంది.

సంఘటన స్థలంలో పనికొచ్చే ఫొటోలు కూడా అందరూ తీసేవి కావు. విరిగిన బంపరును దగ్గరనుంచి పది తీస్తారు. రెండు బండ్లూ ఉన్నచోటే ఉండగా, వెనక ఏదో ఒక గుర్తు కనిపించేలా దూరంనుంచి తీసింది ఒక్కటీ ఉండదు. వంతెన స్తంభమో, కిలోమీటరు రాయో, కాజ టోల్‌గేటు బోర్డో కనిపించే ఒక్క ఫొటో ఆ పదింటికంటే విలువైనది. ఇంకొకటి: కూలెంటో ఆయిలో కారుతున్న బండిని నడిపి తీసుకెళ్లకూడదు. దెబ్బతిన్నాక నడపడంవల్ల పెరిగిన నష్టం పాలసీలోకి రాదు. మామూలు పాలసీలో కారును లాక్కెళ్లే ఖర్చుకు 1,500 రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది, విడిగా సహాయ కవరు తీసుకున్నవారికి అదీ అక్కర్లేదు.

సర్వేయరు కోసే లెక్క

కారు షెడ్డుకు చేరాక నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు వస్తారు. ఆయన రాకముందు భాగాలు విప్పనివ్వకూడదు. నష్టం 50,000 రూపాయలు దాటితే లైసెన్సు ఉన్న సర్వేయరుతోనే అంచనా వేయించాలి. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిము చెప్పిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, వచ్చిన 7 రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమును తోసిపుచ్చకూడదని కూడా అదే సర్క్యులర్ చెబుతోంది. "ఫైలు హైదరాబాదు వెళ్లింది, అక్కడినుంచి రావాలి" అన్న మాట నెలల తరబడి వింటూ కూర్చునేవారికి ఈ మూడు అంకెలు తెలిసి ఉండాలి.

సర్వేయరు ఎంత కోస్తారు, ఎందుకు కోస్తారు అన్నది చాలామందికి అయోమయం. అందులో రహస్యమేమీ లేదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు సగం తరుగు, అంటే పాతబడిన భాగం విలువ కింద కోత. ఫైబర్ గ్లాసు భాగాలకు 30 శాతం. అద్దాలకు తరుగు లేదు. లోహపు భాగాలకు కారు వయసును బట్టి: ఆరు నెలలలోపు ఏమీ లేదు, ఏడాదిలోపు 5 శాతం, రెండేళ్లలోపు 10, మూడేళ్లలోపు 15, నాలుగేళ్లలోపు 25, ఐదేళ్లలోపు 35, పదేళ్లలోపు 40, ఆపైన 50. రంగు విషయంలో సామగ్రి ఖర్చుకే సగం తరుగు. బిల్లులో సామగ్రీ కూలీ విడదీసి రాయకపోతే మొత్తంలో నాలుగో వంతును సామగ్రిగా లెక్కిస్తారు.

వారధి మీద గుద్దిన కారునే ఉదాహరణగా తీసుకుందాం. దాని వయసు మూడేళ్ల నాలుగు నెలలు, ఇంజను 1,200 సీసీ అనుకుందాం. బానెట్ 12,000. బంపరు, రెండు హెడ్‌లైట్లు కలిపి 18,000. రేడియేటరు 6,000. రంగు 16,000. టింకరింగ్, బిగింపు కూలీ 7,000. పన్ను పక్కన పెడితే మొత్తం 59,000. బానెట్‌లో 25 శాతం పోయి 9,000 వస్తుంది. బంపరు, లైట్లలో సగం పోయి 9,000. రేడియేటరుకు 4,500. రంగులో సామగ్రి కింద 4,000 లెక్కకట్టి అందులో సగం తీసేస్తే 14,000. కూలీ పూర్తిగా 7,000. కలిపితే 43,500. 1,500 సీసీలోపు కారు కాబట్టి తప్పనిసరి కోత ఇంకో 1,000. చేతికి వచ్చేది 42,500, జేబులోంచి పోయేది 16,500. అదే తరుగు లేని పాలసీ, అంటే షోరూములవారు బంపర్ టు బంపర్ అనేది ఉంటే, ఆ 1,000 మాత్రమే పోయేది.

ఈ లెక్క చేతిలో ఉంటే సర్వేయరుతో మాట్లాడే తీరు మారిపోతుంది. "ఇంత తగ్గించారేమిటి" అని బాధపడటం వేరు, "రేడియేటరును ప్లాస్టిక్ కింద వేశారు, అది లోహం కదా" అని అడగడం వేరు. భాగాల వారీ లెక్క, సర్వే నివేదిక నకలు రాతపూర్వకంగా కోరాలి. సర్వేయరు మాట చివరి మాట కాదని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నివేదిక పరిష్కారానికి పునాది కావచ్చునే కానీ కంపెనీనైనా పాలసీదారునైనా కట్టిపడేయదు.

చిన్న దెబ్బకు క్లెయిము పెట్టాలా వద్దా అన్నది ఇంకో లెక్క. సొంత నష్టం ప్రీమియం ఏటా 10,000 అనుకుందాం. క్లెయిము పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 35 శాతం దగ్గర ఉన్నవారు క్లెయిము పెట్టకపోతే వచ్చే ఏడాది 45 శాతం, ఆ తరవాత 50 శాతం తగ్గింపు పొందుతారు. పెడితే సున్నా, 20, 25 అంటూ మళ్లీ మొదటినుంచి ఎక్కాలి. మూడేళ్లలో తేడా 4,500, 3,000, 2,500. కలిపితే 10,000. ఆరేడు వేలు చేతికొచ్చే సొట్టకు క్లెయిము పెట్టడం అంటే కుడిచేత్తో తీసుకుని ఎడమచేత్తో అంతకంటే ఎక్కువ ఇచ్చేయడమే. షెడ్డువారు ఈ సంగతి చెప్పరు, ఏజెంట్లలోనూ చెప్పేవారు తక్కువ.

మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన కారు విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే పూర్తి నష్టంగా పరిగణిస్తారు. అప్పుడు బేరమంతా ఐడీవీ మీదే జరుగుతుంది కాబట్టి, ప్రీమియం నాలుగు వందలు తగ్గుతుందని రెన్యూవల్ రోజున ఐడీవీని తగ్గించుకున్నవారు ఇక్కడ ఏడుస్తారు.

నిలిచే తిరస్కరణ, నిలవని తిరస్కరణ

కంపెనీ కాదన్నంత మాత్రాన అది న్యాయమని కాదు, అన్యాయమనీ కాదు. మద్యం తాగి నడపడం, లైసెన్సు లేకపోవడం సొంత నష్టం క్లెయిమును దాదాపుగా ముంచేస్తాయి. ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును యాంత్రికంగా కొట్టేయకూడదని ఐఆర్‌డీఏఐ 2011లో, సుప్రీంకోర్టు 2017లో చెప్పాయి. తెలుపు బోర్డు కారును కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే పాలసీ షరతు ఉల్లంఘించినట్టే. అయినా అలాంటి కేసులోనూ మొత్తం ఎగ్గొట్టకుండా 75 శాతం వరకు ఇచ్చే పద్ధతిని 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు సమర్థించింది. పెళ్లిళ్ల సీజనులో తెలుపు బోర్డు కారు మాట్లాడుకుని హైదరాబాదు బయలుదేరే కుటుంబాలు విజయవాడలో ఎన్నో. ఆ ఒక్క తీర్పు యజమానికి కాస్త ఊరట, వెనక కూర్చున్నవారి భద్రతకు మాత్రం అది హామీ కాదు.

లైసెన్సు గొడవ ఒకటి తీరిపోయింది. తేలికపాటి వాహనం లైసెన్సుతో 7,500 కిలోలలోపు రవాణా వాహనం నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మినీ వ్యానుల యజమానులకు ఆ కారణంతో ఇచ్చే తిరస్కరణ ఇక నిలవదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వీధుల్లో కార్లు నీట మునిగినప్పుడు ఈ ఊరు ఇంకో పాఠం నేర్చుకుంది. వరద నష్టం ఫుల్ ఇన్సూరెన్సులోకి వస్తుంది. కానీ నీరు తగ్గగానే ఆత్రంగా తాళం తిప్పితే ఇంజనులోకి చేరిన నీరు పిస్టన్లను, రాడ్లను విరిచేస్తుంది. ఆ భాగాన్ని ప్రమాద నష్టంగా కాక తరవాతి నష్టంగా చూసి, ఇంజను కవరు లేనివారికి కంపెనీలు కాదంటాయి. మునిగిన కారును కదపకుండా ఫొటో తీసి, లాగించి తీసుకెళ్లడమే మార్గం.

డబ్బు ఇచ్చేటప్పుడు "పూర్తి, తుది పరిష్కారం" అని రాసిన వోచరు మీద సంతకం అడుగుతారు. మొత్తం తక్కువనిపిస్తే "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని ఒక వాక్యం చేర్చి, అదే రోజు కంపెనీకి మెయిలు పంపాలి. ఆ వోచరు మీద సంతకం పెట్టినంత మాత్రాన ఎక్కువ కోరే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లో కంపెనీలకు స్పష్టంగా తెలిపింది. సంతకం చేసేశాం కదా అని వదిలేసుకున్నవారు ఎంత వదులుకున్నారో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాసి, కాదన్న జవాబు వచ్చినా, 30 రోజులపాటు జవాబే రాకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు అధికారం ఉంది, ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్, 155255 ఫోను నంబరు ఉన్నాయి కానీ వాటికి కంపెనీని జవాబు చెప్పించే శక్తే తప్ప తీర్పు చెప్పే శక్తి లేదు. తీర్పు కావాలంటే అంబుడ్స్‌మన్ ఒక దారి, వినియోగదారుల కమిషన్ ఇంకో దారి. విజయవాడలోనూ గుంటూరులోనూ కమిషన్లు ఉన్నాయి. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు ఉన్న ఊళ్లోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. ఒకేసారి రెండు చోట్లా నడపడం కుదరదు.

రెండో కిటికీ

ఇంతవరకు చెప్పింది ఇనుము సంగతి. మనిషి దెబ్బతిన్నప్పుడు మాట్లాడాల్సింది వేరు.

ప్రమాదంలో గాయపడినవారికి నిర్దేశిత ఆసుపత్రుల్లో ఏడు రోజులపాటు 1.5 లక్షల రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఎవరిది తప్పు, ఎవరికి బీమా ఉంది అన్న ప్రశ్నతో దీనికి సంబంధం లేదు. ఆసుపత్రికి చేర్చినవారిని కేసులో ఇరికించకుండా 134ఏ సెక్షన్ కాపాడుతుంది. రోడ్డు పక్కన రక్తంలో ఉన్నవారిని చూసి భయపడి వెళ్లిపోయేవారికి ఈ రెండు సంగతులూ చేరాలి.

ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసుగా రాయించాలి. పడిపోయాడనో, బండి జారిందనో రాయిస్తే ప్రైవేటు ఆసుపత్రిలో పని సులువవుతుందని ఎవరో సలహా ఇస్తారు. ఆ ఒక్క మాట మీదే తరవాత కంపెనీ వకీలు అరగంట ప్రశ్నలు వేస్తాడు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ప్రమాద పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి, 90 రోజుల్లో వివరమైన నివేదిక ఇవ్వాలి. ఎఫ్ఐఆర్, పంచనామా, బ్రేక్ ఇన్‌స్పెక్టరు నివేదిక, గాయాల ధ్రువపత్రం నకళ్లు బాధితుల కుటుంబం దగ్గర ఉండాలి. వాటికోసం స్టేషన్ చుట్టూ తిరగాల్సి రావడం దుఃఖంలో ఉన్న కుటుంబానికి క్రూరమైన పని, కానీ ఎవరో ఒకరు తిరగాలి. బంధువుల్లో కాస్త తీరిక, ఓపిక ఉన్న మనిషికి అప్పగించాల్సిన బాధ్యత అది.

ఇక కంపెనీ మనిషి వచ్చే సమయం. 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదని నిరూపించే పని లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు వస్తాయి. ఇంటి పెద్ద పోయి, ఆసుపత్రి అప్పులు మెడమీద ఉన్న ఇంట్లో 5 లక్షల మాట కొండంత అండగా వినిపిస్తుంది. కానీ చట్టం నిర్దేశించిన పద్ధతిలో ఆ డబ్బు స్వీకరిస్తే 166వ సెక్షన్ కింద వేసిన పూర్తి పరిహారం పిటిషను రద్దవుతుంది. ఇది తెలియక సంతకం పెట్టిన కుటుంబం ఎంత పోగొట్టుకుంటుందో లెక్క వేసి చూడాలి.

గుంటూరు మిర్చి యార్డులో సొంతంగా చిన్న వ్యాపారం చేసుకునే 32 ఏళ్ల మనిషి అనుకుందాం. నెల ఆదాయం 20,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీదే ఆధారం. 2009, 2017 సుప్రీంకోర్టు తీర్పులు ఖాయం చేసిన పద్ధతిలో, 40 ఏళ్లలోపు సొంత వ్యాపారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి. 28,000 అవుతుంది. నలుగురు ఆధారపడినవారు ఉన్నారు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి. 21,000 మిగులుతుంది. ఏడాదికి 2,52,000. దాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి, ఆ వయసుకు అది 16. మొత్తం 40,32,000. అంత్యక్రియలు, కుటుంబ సాహచర్యం వంటి పద్దులు దీనికి అదనం. 5 లక్షలెక్కడ, 40 లక్షలెక్కడ!

అయితే ఆ 20,000 ఆదాయం రుజువు కావాలి. యార్డులో వ్యాపారమంతా నోటి మాట మీద, చేతి చీటీల మీద నడుస్తుంది. ఆదాయపు పన్ను రిటర్నులు లేవు, బ్యాంకు ఖాతాలో పెద్దగా కదలిక లేదు. అప్పుడు ట్రిబ్యునల్ ఊహాత్మక ఆదాయం తీసుకుంటుంది. అది 12,000 అయితే అదే లెక్క 24,19,200 దగ్గర ఆగిపోతుంది. రుజువు లేకపోవడం ఖరీదు 16 లక్షలు పైచిలుకు. చేతి చీటీలు, కమిషన్ దుకాణం పద్దు పుస్తకం, ఫోనులోని చెల్లింపుల చరిత్ర, పిల్లల స్కూలు ఫీజు రసీదులు, ఇంటి అద్దె రసీదులు ఏవైనా పనికొస్తాయి. పోయిన మనిషి ఫోనును కర్మకాండల హడావుడిలో ఎవరికో ఇచ్చేయడం, సిమ్ము ఆపేయడం చేయకూడదు. ఆయన సంపాదనకు మిగిలిన సాక్ష్యం చాలా ఇళ్లలో ఆ ఫోనే.

పిటిషను ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. సూర్యాపేట దగ్గర జరిగినా గుంటూరు కుటుంబం గుంటూరు ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. ఆరు నెలల్లోపు వేయాలని 2019 సవరణ చెబుతోంది. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తున్నా, దాన్ని నమ్ముకుని ఆగడం మంచిది కాదు. గుద్దిన బండి దొరక్కపోతే ప్రత్యేక పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 వస్తాయి. లోక్ అదాలత్‌లో రాజీ పడటం తప్పేమీ కాదు, డబ్బు త్వరగా చేతికొస్తుంది. అయితే అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు కాబట్టి, పైన వేసిన లెక్క కాగితం మీద ఉంచుకునే వెళ్లాలి.

ఒక సంగతి కారున్న ప్రతి ఇంటివారూ గుర్తించాలి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న, అంటే బయటివారికి జరిగే నష్టానికే పనికొచ్చే పాలసీలో, సొంత కారులో మన పక్కన కూర్చున్న స్నేహితుడికి, వెనక కూర్చున్న మేనత్తకు మన కంపెనీ నుంచి పరిహారం రాదు. ఫుల్ ఇన్సూరెన్సు ఉంటేనే వారు లెక్కలోకి వస్తారు. పాత కారు కదా, థర్డ్ పార్టీ చాలులే అనుకునేవారు కారు ఖరీదునే చూస్తున్నారు, అందులో ఎక్కేవారిని చూడటం లేదు. నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరు ఉంటుంది. యజమాని చనిపోయిన ఇళ్లలో ఆ కవరు సంగతి కుటుంబానికి తెలియక అడగకుండా వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి.

చివరగా, కోర్టు కవరు అందుకున్న యజమాని. "బీమా ఉంది, వాళ్లు చూసుకుంటారు" అని దాన్ని అలమరలో పెట్టడం పెద్ద పొరపాటు. ట్రిబ్యునల్‌లో కంపెనీ యజమాని తరఫునే మాట్లాడుతుందన్న భరోసా లేదు. లైసెన్సు సరిగా లేదనో, షరతు ఉల్లంఘించారనో చెబితే బాధితులకు ముందు చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకునే హక్కు దానికి దక్కవచ్చు. యజమాని హాజరు కాకపోతే ఆ మాట కాదనేవారు ఉండరు. కవరు వచ్చిన రోజే నకలు కంపెనీకి ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోవాలి, లైసెన్సు, పాలసీ, సి బుక్కు నకళ్లతో వాయిదాకు వెళ్లాలి.

ఆ కవరు కొన్నిసార్లు కారు అమ్మేసి మూడేళ్లయినవారి ఇంటికి వస్తుంది. సి బుక్కులో పేరు మారనంతవరకు చట్టం దృష్టిలో యజమాని పాత మనిషేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు చేసి, డబ్బు లెక్కపెట్టుకుని, తాళాలు కొన్నవారి చేతికి ఇచ్చేసినవారు నెల తిరక్కుండా రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఆ బండి నంబరు కొట్టి, అక్కడ ఎవరి పేరు కనిపిస్తోందో చూసుకోవాలి.